ఆమె వాపోలేదు

మా పత్రికలో వాపోయే హక్కు పేదవాళ్లకే రాసిచ్చారు. మంత్రిగారు వాపోరు, ‘తెలిపారు’. కలెక్టరుగారు వాపోరు, ‘స్పష్టం చేశారు’. మరీ కోపమొస్తే ‘మండిపడ్డారు’. కొండ మీద మనిషి మాత్రం నోరు తెరిస్తే చాలు, వాపోతాడు. ఆడమనిషైతే ‘కన్నీటిపర్యంతమైంది’. అరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏళ్లుగా వార్తలు పంపుతున్నాను. నేను పంపేదొకటి, విశాఖలో డెస్కు మీద కూర్చున్నవాళ్లు అచ్చు వేసేదొకటి. విసిగి వేసారిపోయాను గానీ, మొన్న వానలు వెనకబట్టాక జరిగినదానికి మాత్రం నా కడుపు మండిపోయింది.

పైన ఒక కొండ ఊరుంది. ఊట నీళ్లు పైపులో ఆ ఊరికి దిగుతాయి. వానలకు కొండచరియ జారి పైపు విరిగింది. నెల రోజులుగా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కింద పారే గెడ్డలోకి దిగి, ఆ బురదనీళ్లే మోసుకుంటున్నారు. ఊరివాళ్లంతా కూర్చుని, మన తరపున మాట్లాడి రమ్మని ఒక పెద్దమ్మను పంపారు. కాఫీ తోట, రాగులు పండే చోడి చేను చేసుకునే మనిషి. మాట తిన్నగా ఉంటుంది. ఎప్పుడే పని పడ్డా ఆ ఊరు ఆవిడనే పంపుతుంది.

సంతరోజు అల్లం అమ్ముకుని, ఖాళీ బుట్టతో ఆవిడ మండలాఫీసుకు వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

“బావూ, పైపిరిగి నెలయింది. నువ్వెప్పుడొచ్చి సూత్తావు? రోజు సెప్పు. ఆ రోజు మా ఊరోళ్లం కూలికెళ్లకుండా ఉండి మట్టంతా మేమే తవ్వేత్తాం. పైపు అతికించడం నీ పని” అంది అక్కడి నీళ్ల ఇంజనీరుతో.

పక్కనున్న అటెండరు ఉలిక్కిపడ్డాడు. “సార్ని నువ్వు అంటావేటి? మీరు అనాల!”

ఆవిడ గదంతా ఓసారి చూసింది. “ఒక్కడే కదా ఉన్నాడు?” అంది.

వెటకారం కాదది. ఆ కొండల్లో ఒకరుంటే నువ్వు, ఇద్దరుంటే మీరు. వాళ్ల దేవతకైనా నువ్వే. ఎదురుగా అనే నువ్వులో చిన్నచూపు ఉండదని చెప్పినా ఆ అటెండరు బుర్రకెక్కదు. ఇంజనీరు తల గోక్కుని, చూద్దాంలే అన్నాడు. రోజు చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను ఉన్నదున్నట్టు రాశాను. పైపు బాగుచేయడానికి ఏ రోజు వస్తారో చెప్పాలని, మట్టి తామే తవ్వుతామని ఆమె ఇంజనీరును అడిగారు. అంతే. తెల్లారి పేపరు విప్పితే ‘గుక్కెడు నీటికై అడవి బిడ్డ ఆక్రందన’ అని శీర్షిక! ఆమె చేతులు జోడించి వేడుకుందట. తమను ఆదుకునే నాథుడే లేడని వాపోయిందట. ఇంజనీరుగారు మాత్రం పరిశీలిస్తామని ‘తెలిపారు’. తల గోక్కున్నవాడు తెలిపారు, తిన్నగా అడిగిన మనిషి వాపోయింది! మట్టి తవ్వుతామన్న మాట ఎటు పోయిందో దేవుడికే తెలియాలి.

డెస్కుకు ఫోన్ చేశాను. అక్కడి కుర్ర సబ్‌ఎడిటరు మంచివాడే, అదే వచ్చిన చిక్కు.

“అన్నా, పేజీలో జాగా లేదు.”

“అడిగారు నాలుగక్షరాలు, వాపోయింది నాలుగక్షరాలు. ఎక్కడ కలిసొచ్చింది నాయనా నీకు జాగా?”

“ఫీల్ ఉండాలి కదన్నా. అడిగారు అంటే ఎవరు చదువుతారు?”

“మరి ఇంజనీరుకి ‘రు’ ఎందుకు తగిలించావు?”

“ఆఫీసరు కదన్నా!”

ఇంకేం మాట్లాడతాం! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అతగాడి ఫీల్ బాగానే పనిచేసింది. వారం తిరక్కుండా పట్నం నుంచి దాతలు జీపులో దిగారు. పాత చీరలు, బిస్కెట్ పొట్లాలు, పెట్టెల కొద్దీ మంచినీళ్ల సీసాలు తెచ్చారు. ఊరివాళ్లు ముందు అంబలి తాగమని ముంతలు అందించారు. వచ్చినవాళ్లకు అంబలి పోయకుండా ఆ ఊళ్లో మాట మొదలుపెట్టరు. దాతలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, టైం లేదన్నారు. ఫొటోలకు మాత్రం ఉంది. పెద్దమ్మ చేతిలో సీసా పెట్టి, “మొహం కొంచెం దిగులుగా పెట్టమ్మా” అన్నారు. ఇంజనీరు కూడా వచ్చి ఫొటోలో నిలబడ్డాడు. విరిగిన పైపు దాటుకునే వచ్చాడు, దాటుకునే పోయాడు. రెండు రోజులాగి పైపు సంగతేమిటని అడిగితే, “ఇంకేం సమస్యండీ, నీళ్లందాయి కదా, మీ పేపర్లోనే వచ్చింది” అన్నాడు. మావాడి ఫీల్ అసలుకే ఎసరు పెట్టింది.

మళ్లీ సంతరోజు టీకొట్టు దగ్గర పెద్దమ్మ నన్ను పట్టుకుంది.

“ఓ బావూ, నానెప్పుడేడిసినాను? సీసాలడిగినానేటి?”

నేను రాసింది అది కాదని, విశాఖలో మార్చారని చెప్పాను.

“ఊర్లో నవ్వుతన్నారు. రోజు అడిగి రమ్మని పంపితే, సీసాల కోసం ఏడిసొచ్చినానంట. ఇంక ఊరి తరపున మాటకి నన్నెవులు పంపుతారు? నాను ఏడిసే మనిషినా? ఎవులు రాసినాడో ఆడికి ఫోన్ సెయ్.”

చేసి, స్పీకరు పెట్టి ఇచ్చాను.

“నువ్వేనా బావూ, నన్నేడిపించినోడివి?” అంది. “నాను ఏడవనేదు. రోజు అడిగినాను. అదే రాయి.”

“సారీ అమ్మా, సరిచేస్తామమ్మా” అన్నాడు మావాడు. గొంతులో నిజంగానే బాధ వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

సరిచేశాడు మహానుభావుడు! పేజీ అడుగున నాలుగు ముక్కలు. పైపు మరమ్మతుకు తేదీ చెప్పాలని గిరిజన మహిళ వాపోయారు. ఫోన్ చేస్తే, “‘రు’ పెట్టాను కదన్నా, ఇంకేంటి?” అన్నాడు. ఆ ఫోన్ తీసుకెళ్లి గెడ్డలో పారేయాలనిపించింది.

తరవాతి సంతకు పెద్దమ్మ వచ్చింది. పేపరు తీసి చదవమంది. అబద్ధం చదువుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఇన్నాళ్లూ ఆవిడ మాట మార్చినవాళ్లు చాలరా, మధ్యలో నేనొకణ్నా? ఉన్నదే చదివాను.

“వాపోయారంటే ఏటి?”

“ఏడిచారని, పెద్దమ్మా.”

“ఎంతమందిమి?”

“ఒక్కదానివే. ఆ ‘రు’ గౌరవానికి...” అని ఏదో చెప్పబోయాను.

“ఒక్కదానికి ‘రు’ ఏటి బావూ? మొన్న నన్నొక్కదాన్నే ఏడిపించినారు. ఇప్పుడు ఊరందర్నీ ఏడిపించినారా?”

టీకొట్టులో అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. బుట్ట చంకన పెట్టుకుని ఆఫీసు వైపు నడిచింది. నేనూ జేబులో పెన్ను, ఫోను ఉన్నాయో లేదో చూసుకుని వెనకే లేచాను.

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

“నువ్వు రాకు బావూ. నాను రోజు అడగడానికెళ్తన్నాను. నువ్వొస్తే మళ్లీ ఏడుస్తాను.”