సెగగడ్డ మీద అసూయ

ఆ రోజుల్లో ఢిల్లీలో జంతుశాస్త్రం చదివిన తెలుగు కుర్రాళ్ళు చాలామందే ఉండేవారు గాని, రోగక్రిములతో పోరాడే సైన్యాన్ని సొంత ఒంట్లోంచి పిలిపించి, గాజుపలక మీద కవాతు చేయించినవాణ్ణి నేనొక్కణ్ణే. (సైన్యమంటే మరీ అంత కాదు. చీము. బొటనవేలి చీము.)

ధౌలా కువాన్ కాలేజీలో మాది రెండో సంవత్సరం. నాతోపాటు గదిలో ఉండే కాకినాడ కుర్రాణ్ణి అందరూ ప్రొఫెసర్ అని పిలిచేవారు. వాడంటే నాకు ఒళ్ళుమంట. వాడి నోట్సంటే మంట, ముత్యాల్లాంటి చేతిరాతంటే మంట, మెస్ భయ్యా వాడి పరాఠా మీద మాత్రమే వేసే వెన్నంటే మరీ మంట. అలాంటి సమయంలో మా పంజాబీ మేడం ఒక పోటీ పెట్టారు. క్రిములు దాడి చేయగానే శరీరం చేసే తొలి యుద్ధాన్ని ఎవరు బాగా చూపిస్తే, వాళ్ళకి వేసవంతా ఆవిడ ల్యాబులో పని. సరిగ్గా ఆ వారమే ప్రొఫెసర్ మెడ మీద సెగగడ్డ లేచింది. మేడం కళ్ళజోడు సవరించుకుని, "అచ్ఛా! వాట్ ఎ స్పెసిమన్!" అని మురిసిపోయారు. రెండేళ్ళలో నన్ను చూసి ఆవిడ ఒక్కసారీ అంత ముచ్చటపడలేదు. మేడల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు ఉంటారు. సెగగడ్డని చూసి కుళ్ళుకున్నవాణ్ణి నేనే.

రిడ్జ్ అడవిలో పరిశోధన చేస్తుంటే తుమ్మముల్లు దిగిందని అందరికీ చెప్పాను. నిజానికి కళ్ళు మూసుకుని నేనే గుచ్చుకున్నాను. మూడు రోజుల్లో వేలు ఎర్రబడి, వేడెక్కి, వంకాయలా ఉబ్బింది. మేడం పాఠమంతా దాని మీదే జరిగింది. చర్మం తెగగానే కబురు వెళ్తుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లకణాలు వాటి గోడల సందుల్లోంచి దూరి వచ్చి, దొరికిన క్రిమిని దొరికినట్టు మింగి, అక్కడే చస్తాయి. ఆ శవాల కుప్పే చీము. వచ్చినవాడెవడు, ఊరేదని అవి విచారించవు. పరాయివాడైతే చాలు, మీద పడతాయి. (ప్రొఫెసర్ విషయంలో నా పద్ధతీ అదే.)

పోటీనాటి పొద్దున్న స్లైడు మీద చీము పూసి, నా పేరు చీటీ అంటించి, జ్వరంతో బల్ల మీద వాలిపోయాను. "నువ్వు పడుకోరా, రంగు నేను వేస్తాలే" అన్నాడు ప్రొఫెసర్. వాడి మెడకి కట్టు. గడ్డ బస్సులో చితికిపోయిందట, చూపించడానికి ఏమీ లేదట. (లోపల ఎంత హాయిగా అనిపించిందో!) తీరా మేడం వచ్చేసరికి నేను బల్ల మీంచి తల ఎత్తలేకపోయాను. వాడే వివరించాడు. మైక్రోస్కోపులో ముక్కలుగా చీలిన కేంద్రకాలతో తెల్లకణాలు, కడుపులో క్రిములతో సహా! "శాబాష్ బేటా!" అని మేడం వాడికి చప్పట్లు కొట్టారు. చీటీ మీద పేరు నాది కనక ల్యాబు పని నాకిచ్చారు. గెలిచి కూడా వేసవంతా ఆ చప్పట్లకి ఏడ్చాను. కణాలు నావి, కీర్తి వాడిదా?

వాడు నిజంగానే ప్రొఫెసరై, రిటైరై, గ్రేటర్ నోయిడాలో ఉంటున్నాడు. (అందుకూ కాస్త ఏడ్చాను.) మొన్న ఆదివారం అశోకా రోడ్డులో మన తెలుగు క్యాంటీన్లో భోజనానికి కలిసినప్పుడు, ఇంతవరకు రాసిందంతా చదివి వినిపించాను. పప్పన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఆ కణాలు నీవి కావురా."

"అదేంటి?"

"నువ్వు స్లైడు మీద పెసరట్టు పోశావు. రంగేస్తే అంతా నల్లముద్ద. ఇంకోటి చేద్దామంటే నువ్వు లేచే స్థితిలో లేవు. నా గడ్డ నొక్కి, కొత్త స్లైడు చేసి, నీ చీటీ తీసి దాని మీద అంటించా."

"బస్సులో చితికిందన్నావుగా!"

"అనకపోతే నన్ను నీ స్లైడు ముట్టుకోనిచ్చేవాడివా?"

ఇన్నేళ్ళు అపురూపంగా పెంచుకున్న కుళ్ళుని ఏం చేసుకోవాలో తోచక, నవ్వొచ్చి, నా అప్పడం తీసి వాడి విస్తట్లో వేశాను. వాడు దాన్ని విరుస్తూ అన్నాడు:

"ఇంకో మాట. అది తుమ్మముల్లూ కాదు, రిడ్జూ కాదు. హాస్టల్ గులాబీ కుండీ. గుచ్చుకుని 'అమ్మో' అని గెంతావు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నా."