ఎర్నీ టింబ్రెల్ వెనక వరస

ఎర్నీ టింబ్రెల్‌కి మనుషులు కనబడరు. ఆరో నంబరు, ఏడో నంబరు, ఎనిమిదో నంబరు కనబడతారు.

రగ్బీలో ఒక్కో జట్టుకి పదిహేను మంది. అందులో ఎనిమిది మంది తలలు దూర్చి అవతలి ఎనిమిది మందిని తోస్తారు. దాన్ని స్క్రమ్ అంటారు. ఆ ఎనిమిది మందిలో చివరి ముగ్గురు వెనక వరస: ఆరు, ఏడు, ఎనిమిది నంబర్లవాళ్లు. మిగతా పన్నెండు మంది గ్రౌండులో ఎందుకున్నారో ఎర్నీకి డెబ్బై నాలుగేళ్లొచ్చినా అర్థం కాలేదు. అడిగితే, "ఉండనీ, వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?" అనేవాడు.

మా మార్ల్‌ఫర్డ్ క్లబ్బు వంటగదిలో ఇరవై ఆరేళ్లుగా టీ కాస్తున్నదాన్ని. ఎర్నీ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనే అనుకునేదాన్ని. అది కూడా పొరపాటేనని తర్వాత తేలింది.

మా ఊరి చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చిన మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతున్నారు. ఎర్నీ కలిపిన చెయ్యి వదల్లేదు. మణికట్టు నించి మోచేతి దాకా తడుముకుంటూ వెళ్లాడు.

"ఆరో నంబరు. మోకాళ్లే కాస్త బలహీనం."

"మా ఉద్యోగంలో మోకాళ్లు అరిగిపోతాయండీ," అన్నారు పాస్టరుగారు, ఇంకేమనాలో తెలియక.

"ఏం ఫర్వాలేదు. ఇంగ్లండులో వెనక వరసకి కొదవేం లేదు," అని ఓదార్చి వచ్చేశాడు.

పిత్తాశయంలో రాళ్లు తీయించుకోడానికి వెళ్లినప్పుడూ ఇంతే. మత్తుమందు ఎక్కిస్తూ, పది నించి వెనక్కి లెక్కపెట్టమన్నారట. డాక్టరమ్మ ఆరడుగుల మనిషి, భుజాలు తలుపంత. ఎర్నీ ఆవిణ్ని ఎగాదిగా చూసి, "ఎనిమిది," అన్నాడు.

"పది, తొమ్మిది ఏమయ్యాయండీ?" అందిట ఆవిడ.

"వాళ్లు నాకక్కర్లేదు," అని నిద్రపోయాడు.

వాళ్లావిడ డోరీన్ సంగతి ఇంకా ఘోరం. నలభై ఏళ్ల కిందట ఏదో డాన్సులో ఆమె చెయ్యి పట్టుకుని, "నిన్ను చూస్తే అచ్చం ఏడో నంబరే," అన్నాడట. "ఏడంటే ఏదో అందం లెక్క అనుకున్నానే హేజెల్. అసలు సంగతి తెలిసేసరికి పెళ్లికి హాలు మాట్లాడేశాం," అని ఇప్పటికీ నా దగ్గర వాపోతుంది.

ఎర్నీ కోటు లోపలి జేబులో ఒక నీలం పుస్తకం ఉండేది. అందులో ఇంగ్లండు వెనక వరసల పట్టిక ఉందని ఊరంతా ఎరుగుదురు. దేశంలో ఎవడు ఎన్నోవాడో, ఎవడు పైకొస్తున్నాడో, ఎవడు జారుతున్నాడో అంతా అందులో రాసి ఉంటుందట. చూపించమంటే మాత్రం చూపించడు. అలాంటి మనిషిని మా మూడో జట్టుకి మేనేజరుని చేశారు. చేసింది మా ఛైర్మన్ క్లైవ్. దాన్ని తలుచుకుని ఆయన ఇప్పటికీ తనని తానే తిట్టుకుంటూ ఉంటాడు.

మా ఊరికి పద్దెనిమిది మైళ్లలో ఒక పెద్ద క్లబ్బు ఉంది. కుర్రాళ్లని పద్నాలుగో ఏట తీసుకుంటుంది, అయిదారేళ్లు తీర్చిదిద్దుతుంది, ఆ తర్వాత మే నెలలో ఒక రోజు పిలిచి, "నీ స్థానంలో నీకంటే బాగా ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు బాబూ, వెళ్లిరా," అంటుంది. ఎక్కువగా పోయేది వెనక వరసవాళ్లే. ఎందుకంటే, ఎర్నీ చెప్పింది నిజమే, వాళ్లకి కొదవ లేదు. గేటు దగ్గర ఎర్నీ తన పాత వ్యాను ఆపుకుని నిలబడి ఉండేవాడు. సంచీ భుజాన వేసుకుని, తల దించుకుని బయటికొచ్చినవాణ్ని ఎక్కించుకుని మా క్లబ్బుకి తెచ్చేవాడు.

మాకు కావల్సింది వాళ్లు కాదు. మాకు కావల్సింది ప్రాప్. స్క్రమ్ ముందు వరసలో అంచున నిలబడి బరువంతా మెడ మీద మోసేవాడన్నమాట. ఆ సంగతి క్లైవ్ ప్రతి మే నెలలోనూ చెప్పేవాడు.

"ఎర్నీ, ఈసారైనా ప్రాప్ దొరికాడా?"

"దొరికాడు."

"నిజంగానా!"

"ఏడో నంబరు దొరికాడు. బంగారంలాంటి కుర్రాడు."

"నేనడిగింది ప్రాప్‌నయ్యా మహానుభావా!"

"వీణ్ని చూశాక ఆ మాట అనవు."

ఇలా అయ్యీ అయ్యీ, కిందటేటికి మా మూడో జట్టు పదిహేను మందిలో పదకొండు మంది వెనక వరసవాళ్లే అయ్యారు. బంతి ఎక్కడ పడితే అక్కడికి పదకొండు మందీ పరిగెత్తేవారు. మిగతా గ్రౌండంతా ఖాళీ. అవతలివాళ్లు ఆ ఖాళీలోంచి తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి పాయింట్లు తెచ్చుకునేవారు. మావాళ్లలో గోలు స్తంభాల మధ్య నించి బంతి తన్నగలిగేవాడు ఒక్కడూ లేడు. పద్నాలుగు నెలల్లో మా గ్రౌండులో మా స్తంభాల మధ్య నించి మావాడు తన్నిన బంతి ఒకే ఒక్కసారి వెళ్లింది. అది మా పక్కింటి కుక్కని అదిలించబోతే వెళ్లింది.

అక్టోబరులో, మాకున్న ఇద్దరు ప్రాప్‌లలో ఒకడైన కీత్ మోకాలు విరగ్గొట్టుకుని ఆట మానేశాడు. నేర్చుకున్న ప్రాప్‌లు ఇద్దరు లేకపోతే స్క్రమ్‌లో తోసుకోనివ్వరు, మెడలు విరుగుతాయని. ఊరికే ఒకళ్లనొకళ్లు ఆనుకుని నిలబడాలి. అలా మూడు ఆటలయ్యాక లీగువాళ్ల దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. నవంబరు రెండో శనివారానికి సరైన ప్రాప్‌ని దింపకపోతే మార్ల్‌ఫర్డ్ మూడో జట్టుని లీగులోంచి తీసేస్తామని.

క్లైవ్ ఆ ఉత్తరం నా వంటగదిలో కూర్చుని పైకి చదివాడు.

"తీసేస్తే తీసేశారు. మనకీ పీడ విరగడవుతుంది."

"మరి కుర్రాళ్లు?" అన్నాడు ఎర్నీ.

"మొదటి జట్టులో చోటు లేదు. రెండో జట్టులో లేదు. వాళ్లకిక శనివారాలు లేనట్టే."

 ఈసారి ఎర్నీ ఇంగ్లండులో కొదవ లేదని కూడా అనలేదు. 

మా మాంసం కొట్టు బెర్నార్డ్ గ్విలియమ్ ఒకప్పుడు పేరుమోసిన ప్రాప్. స్క్రమ్‌లో నలిగి నలిగి చెవులు రెండూ ఉడకబెట్టిన క్యాబేజీలా ఉంటాయి. ఎవడైనా ముందుకొస్తే మూడు వారాల్లో తర్ఫీదిస్తానన్నాడు. గురువారం ప్రాక్టీసు అయ్యాక, పదకొండు మందీ నా కిటికీ దగ్గర సాసేజిల కోసం వరసలో నిలబడి ఉండగా అడిగాడు.

"ఎవడొస్తాడ్రా ముందు వరసకి?"

అందరూ బూట్ల వంక చూసుకున్నారు.

"ఒక్కడూ లేడా? ఒరేయ్ ఎల్లిస్, ఆ మెడ చూసుకున్నావా ఎప్పుడైనా? ఎద్దు మెడరా నీది!"

ఎల్లిస్ ప్రాబర్ట్‌కి ఇరవై ఏళ్లు. ఆ మే నెలలోనే వచ్చాడు. వచ్చిన కొత్తలో నా కిటికీ దగ్గర కూడా తలెత్తేవాడు కాదు. ఎర్నీ వాణ్ని పక్కకి తీసుకెళ్లి చెవిలో ఏదో చెప్పాక మనిషి మారిపోయాడు. ఎర్నీ అందరికీ అలాగే చెవిలో చెప్పేవాడు. ఏం చెప్పాడో ఎవరూ బయటపెట్టేవారు కాదు.

"నేను రాలేనండీ," అన్నాడు ఎల్లిస్.

"ఏం, భయమా?"

"భయం కాదు. ఎర్నీ పట్టికలో ఉన్నాను నేను. ఇంగ్లండు మొత్తం మీద ముప్ఫై ఏడో స్థానం. ప్రాప్‌గా వెళ్తే పేరు తీసేస్తారు."

వాడి వెనక నిలబడ్డ మార్లన్ బీచమ్ ప్లేటు కింద పెట్టాడు.

"ముప్ఫై ఏడు నువ్వేంట్రా? ముప్ఫై ఏడు నేను."

"నీకెవరు చెప్పారు?"

"ఎర్నీయే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, మిగతావాళ్లు బాధపడతారని."

"నాతోనూ అదే అన్నాడు!"

వరస చివర్నించి ఇంకెవడో సన్నగా, "నేను కూడా ముప్ఫై ఏడే," అన్నాడు. తర్వాత ఇంకోడు. నేను గరిటె పట్టుకుని లెక్కపెట్టాను. పదకొండు మంది. ఒకే స్థానంలో పదకొండు మంది ఇరుక్కుని ఉన్నారు. ఇంగ్లండులో నిజంగానే కొదవ లేదు.

అందరూ సాసేజిలు వదిలేసి గ్రౌండు మీదికి నడిచారు. మా కుర్రాళ్లు సాసేజిలు వదిలేశారంటే కొంప మునిగినట్టే. నేనూ గరిటెతోనే పరిగెత్తాను.

ఎర్నీ శనివారం ఆటకి సున్నం బండితో గీతలు వేస్తున్నాడు. పదకొండు మంది ఒక్కసారి వచ్చి చుట్టూ నిలబడేసరికి గీత వంకర పోయింది. ఇరవై ఆరేళ్లలో ఆయన గీత వంకర పోగా నేను చూడలేదు.

"ఎర్నీ, మీ పట్టికలో ముప్ఫై ఏడు ఎవరు?" అన్నాడు మార్లన్.

"మీరే."

"మీరే అంటే?"

"అందరూ."

"అంటే అబద్ధమన్నమాట."

"శుద్ధ అబద్ధం," అన్నాడు ఎర్నీ.

 ఎల్లిస్ మొహం మే నెలలో ఎలా ఉండేదో మళ్లీ అలా అయిపోయింది. వీళ్లింక సంచీలు సర్దుకుని పోతారు, లీగువాళ్లు తీసేయడానికి జట్టే మిగలదు అనుకున్నాను. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఎందుకయ్యా ఇలా చేశావు? పోనీ, అదేదో మూడు, నాలుగు అని మంచి స్థానమే ఇవ్వకపోయావా? ముప్ఫై ఏడేమిటి?"

"మూడోవాడివి అంటే నమ్మడు హేజెల్. అప్పుడేగా వాణ్ని బయటికి పంపింది. రెండొందలోవాడివి అంటే ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకుంటాడు. ముప్ఫై ఏడంటే నమ్ముతాడు. ఇంకాస్త కష్టపడితే ముప్ఫైలోకి రావచ్చనుకుంటాడు. శనివారం లేచి బూట్లు తొడుక్కుంటాడు. నాకు అది చాలు."

సున్నం బండి పిడి తుడుచుకుంటూ, ఎవరి వంకా చూడకుండా, మళ్లీ అన్నాడు.

"నన్నూ పంతొమ్మిదో ఏట ఆ గేట్లోంచే పంపేశారు. నేను ఎన్నోవాణ్నో ఎవడూ చెప్పలేదు. అసలు లెక్కలోనే లేననుకున్నాను. పదకొండేళ్లు బంతి ముట్టుకోలేదు."

"మరి ఆ నీలం పుస్తకం?" అన్నాడు మార్లన్.

"అందులో మీ అమ్మల ఫోన్ నంబర్లున్నాయి. వాడు తింటున్నాడా, పనికి వెళ్తున్నాడా అని వారానికోసారి అడుగుతాను. మీ అమ్మ మరీ ఎక్కువసేపు మాట్లాడుతుంది నాయనా."

ఇరవై ఆరేళ్లపాటు నేను ఆ పుస్తకాన్ని చూసి నవ్వాను. ఆ నిమిషంలో నాకు ఎంత సిగ్గేసిందో, ఎర్నీ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. చేతిలో గరిటె ఉండబట్టి ఆగాను.

ఎల్లిస్ మాత్రం కదల్లేదు.

"అయితే నిజంగా నేను ఎన్నోవాణ్ని?"

ఎర్నీ వాణ్ని పైనించి కిందికి చూశాడు. నిజం చెప్పాల్సివచ్చినప్పుడు ఆయన మొహం పన్ను పీకించుకుంటున్నట్టు ఉంటుంది.

"తెలీదు బాబూ. పెద్ద క్లబ్బులో నువ్వాడగా రెండుసార్లే చూశాను. అందులో ఒకసారి జోరు వాన."

ముందు మార్లన్‌కి నవ్వొచ్చింది. వాడు ఆపుకుందామని చూసి పొలమారాడు. ఆ తర్వాత పదకొండు మందీ సున్నం గీతల మీద పడి నవ్వారు. ఆ గీతలన్నీ ఎర్నీ మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది.

ఎల్లిస్ కళ్లు తుడుచుకుని బెర్నార్డ్ వైపు తిరిగాడు.

"పట్టికే లేనప్పుడు ఇంక పోయేదేముందండీ? మెడ ఎలా పెట్టాలో చెప్పండి."

మూడు వారాలు బెర్నార్డ్ వాణ్ని పిండి పిండి చేశాడు. పొద్దున్నే కొట్లో పెద్ద పెద్ద మాంసం ముక్కలు మోయించేవాడు, సాయంత్రం స్క్రమ్ యంత్రాన్ని తోయించేవాడు. వాడి ఎడమ చెవి మెల్లిగా ఉబ్బడం మొదలుపెట్టింది. ఎర్నీ దూరంగా నిలబడి, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని చూసేవాడు. "చక్కటి ఏడో నంబరు," అని నిట్టూర్చేవాడు. "నోర్ముయ్," అనేవాడు బెర్నార్డ్.

నవంబరు రెండో శనివారం నది అవతలి ఊరి జట్టు వచ్చింది. వాళ్ల ప్రాప్ మా ఎల్లిస్‌కి రెండింతలున్నాడు. లీగు మనిషి గొడుగు వేసుకుని, కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. అయిదో నిమిషంలో మొదటి స్క్రమ్ పడింది.

ఎర్నీ ఎప్పుడూ వెనక వరస కనబడేలా ఒక్క చోటే నిలబడతాడు. ఆ రోజు గీత పక్కనే నడుచుకుంటూ ముందు వరసకి సరిగ్గా ఎదురుగా వచ్చాడు.

"బెర్నార్డ్, ప్రాప్‌లో ఏం చూడాలి?"

బెర్నార్డ్ నడుం మీద చేతులు పెట్టుకుని ఎర్నీ వైపు తిరిగాడు. వాళ్లిద్దరూ చిన్నప్పట్నించీ ఒకే వీధి.

"అరవై ఏళ్లకి అడిగావురా ఈ మాట! వీపు చూడు. వంగకూడదు. తర్వాత పాదాలు. తర్వాత మొహం. కానీ మొహం పైనించి కనబడదు."

ఎర్నీ ఆ బురదలో మోకాళ్ల మీద కూలబడి, అదీ చాలక బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించాడు. రెండు జట్లూ గట్టిగా తోసుకున్నాయి. పొగలాంటి ఊపిరి పైకి లేచింది. మా వైపు ఒక్క అంగుళం కూడా వెనక్కి జరగలేదు. లీగు మనిషి కాగితం మీద ఏదో గీసి గొడుగు మడిచాడు.

ఆట ఓడిపోయాం. ఎంత తేడాతో అని అడక్కండి. జట్టు మాత్రం నిలబడింది.

ఎర్నీ మాత్రం లేవలేకపోయాడు. నడుము పట్టేసింది. నేనూ బెర్నార్డూ చెరో రెక్కా పట్టుకుని పైకి లాగాం. ముక్కు మీద, కనుబొమల మీద బురద, కోటు ముందంతా సున్నం.

"అర్థమైందా ఏమైనా?" అన్నాను. "ఏం కనబడింది అంతసేపూ?"

ఎర్నీ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"లోపల మన ఎల్లిస్ నవ్వుతున్నాడు హేజెల్," అన్నాడు.