సలోమి మిరపకాయలూ నా ప్రసంగమూ

ఈ రోజు సత్తెనపల్లి టీ కొట్టు దగ్గర సలోమి కనిపించింది. అర ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేసిన నేను వాక్యం చెప్పే చర్చి సంఘపు పిల్ల. బైబిల్లో ఐగుప్తు రాజు కొలువులో ఉన్న యోసేపు కరువుకు ముందే ధాన్యం దాచిన సంగతి నేను గొంతు చించుకుని ప్రకటిస్తే విని, పంటంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. ధర పెరగకపోగా తగ్గింది. రేపు అమ్మేస్తానంది.

"విశ్వాసం ఏమైందమ్మా?" అని గద్దించాను.

"విశ్వాసం ఉంది బ్రదర్, బస్తాకి అద్దె కూడా ఉంది. యోసేపు గారికంటే రాజుగారి కొట్లున్నాయి. పైగా ఆయన దాచింది తినే ధాన్యం. నన్ను మిరపకాయలు తిని బతకమంటారా?"

కొట్లో అందరూ నవ్వారు. చేతిలోని పరిశుద్ధ గ్రంథం చంకలో పెట్టుకున్నాను. అమ్ముకోమన్నాను. దాచమని చెప్పింది నేను, అద్దె కట్టింది ఆ పిల్ల. ఈ ఆదివారం మైకులోనే ఒప్పుకుంటాను. నా మాట విని సరుకు దాచినవాళ్లు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, తిట్లైనా సరే.