గౌరి కట్టిన పొట్లం

నరసన్నపేటలో ఆ టిఫిన్ హోటల్ ముందు నిలబడితే చాలు, వేడి ఇడ్లీ కింద వాడిన అరిటాకు వాసనకి నా చేతులు రెండూ వాటంతట అవే వెనక్కి వెళ్ళిపోతాయి. బల్ల అవతల గౌరి పొట్లం కడుతూ ఉంటుంది. దారం ఓ చుట్టు తిప్పుతుంది, ఆగుతుంది, చూసుకుంటుంది, ఇంకో చుట్టు తిప్పుతుంది. నా వెనక ఆకలి మీదున్నవాళ్ళు గొణుగుతారు. నేను మాత్రం కదలను. అలా నిలబడటం నాకు నేర్పింది నరసమ్మగారు.

నరసమ్మగారు మీరెవరూ ఎరగని మనిషి. ఎచ్చెర్ల దగ్గర ఓ రేకుల ఇంట్లో, వైకల్యం ఉన్న పెద్దపిల్లలకు పని నేర్పి, ఊళ్ళో నలుగురి మధ్యా పనిలో కుదిర్చేవారు. ఆవిడ ఎవరి మీదా జాలిపడటం నేను చూడలేదు. విసుక్కోవడమూ చూడలేదు, నా మీద తప్ప. గౌరికి పుట్టుకతోనే మేధో వైకల్యం. పాతికేళ్ళు దాటినా ఏదైనా వంటబట్టడానికి చాలా కాలం పడుతుంది. నేను ఆవిడ దగ్గర పనిలో చేరిన మొదటిరోజు ఆ పిల్ల దారంతో కుస్తీ పడుతుంటే చూడలేక, చటుక్కున ముడి నేనే వేసేశాను. నరసమ్మగారు వచ్చి ఆ ముడి విప్పేసి, దారం మళ్ళీ గౌరి చేతిలో పెట్టారు.

"నువ్వే ఏసేస్తే దానికెప్పుడొస్తాది? ఒసే గుంటా, సేతులు ఎనక్కెట్టుకో."

పెట్టుకున్నాను. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆకలేసినవాడి ముందు విస్తరి వేసి తినొద్దన్నట్టు ఉండేది నాకు. అయితే కొన్ని నెలలకి గౌరికి ముడి వచ్చింది, నరసన్నపేట హోటల్లో పనీ దొరికింది. ఇక మిగిలింది శ్రీకాకుళంలో ఇంటి నుంచి బస్సులో ఒంటరిగా వెళ్ళి రావడం. గౌరి తల్లికి అదే భయం. ఒక్కసారి దారి తప్పిందా, మళ్ళీ గడప దాటనివ్వనని తెగేసి చెప్పింది.

మొదటిరోజు గౌరికి కనపడకుండా మేమిద్దరం అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాం. నరసన్నపేట వచ్చింది, కండక్టర్ అరిచాడు. గౌరి కిటికీలోంచి పెళ్ళి బ్యాండు చూస్తూ మైమరచిపోయింది. బస్సు కదిలింది. నేను లేవబోతే నరసమ్మగారు నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు.

"నువ్వెప్పుడూ ఊరు దాటిపోనేదేటి? దాన్నీ దాటనీ."

కాస్త దూరం పోయాక గౌరి ఉలిక్కిపడి లేచి, కండక్టర్ దగ్గరికెళ్ళి "నా హోటల్ ఎనక్కెల్లిపోనాది" అంది. ఆయన నవ్వి, తర్వాతి స్టాపులో దింపి ఆటో చూపించాడు. ఇంకో ఆటోలో మేమూ వెనకే వెళ్ళాం. ఆలస్యమైందని హోటల్ యజమాని గౌరిని నిలబెట్టి చివాట్లు పెట్టాడు. ఆ చివాట్లు వింటూ నరసమ్మగారు అంతగా వెలిగిపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అందర్నీ తిట్టినట్టే తిట్టాడు కదా, ఇంకేటి కావాలి అన్నారు తర్వాత.

సాయంత్రం గౌరి తల్లికి ఏదీ దాచలేదావిడ. గౌరి ఊరు దాటిపోయిందనీ, తనే అడిగి వెనక్కి వచ్చిందనీ చెప్పారు. ఆ తల్లి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇక అంతా అయిపోయిందనుకున్నాను నేను. మర్నాడు పొద్దున్న ఆమె క్యారేజీ కట్టి, కూతుర్ని తనే బస్సెక్కించింది. చెయ్యి ఊపి, ఎక్కకుండా కిందే ఉండిపోయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది.

పోయినేడు నరసమ్మగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆదివారం ఆదివారం నేను ఇడ్లీ పట్టుకెళతాను. "ఇది మామ్మకి" అంటూ గౌరి ఆ పొట్లానికి ఇంకో చుట్టు ఎక్కువే వేస్తుంది.

ఆ ముడిని నరసమ్మగారు ఎడంచేత్తో విప్పుకుంటారు. దారం జారుతుంది, పొట్లం మోకాలి మీంచి పక్కకి దొర్లుతుంది, మళ్ళీ దగ్గరికి లాక్కుంటారు. నేను ఎదురుగా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాను. మొదటిసారి అలా నిలబడ్డప్పుడు తలెత్తి చూసి, "ఇప్పుడొచ్చినాది నీకు పని" అన్నారు. ముడి ఊడేసరికి ఇడ్లీలు చల్లారిపోతాయి. ఇద్దరం చల్లారినవే తింటాం.