సామ్సన్ మూత్రంలో స్ఫటికాలు

గరాజ్‌లో, చలికి కారు ఇంజన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ డబ్బా మూత వదులుగా కనిపించిన రోజునే దేవకుమారికి నళిని మీద అనుమానం పుట్టింది.

బాపట్ల నుంచి అమెరికా వచ్చిన దేవకుమారి అరోరా ఊళ్లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. నర్సుగా పనిచేసే నళినితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంది. 1986 వేసవిలో, ఊరు మారిపోతున్న తోటి ఉద్యోగిని ఒకామె తన పెంపుడు ఫెరెట్‌ను ఆమె చేతుల్లో పెట్టి వెళ్లింది. ముంగిసలా పొడుగ్గా ఉండే ఆ మగ జంతువుకు దేవకుమారి సామ్సన్ అని పేరు పెట్టుకుంది. నళినికి దాని కంపు పడేది కాదు. అది ఎత్తుకెళ్లి దాచిన తన మేజోళ్లు సోఫా కింద దొరికినప్పుడల్లా, ఎవరికైనా ఇచ్చేయమని సణిగేది.

చలికాలం వచ్చేసరికి సామ్సన్ ఆట మానేసింది. మాటిమాటికీ మూలకు వెళ్లి ముక్కేది. చుక్కలు తప్ప మూత్రం వచ్చేది కాదు. యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుందనీ, జంతువులు ఇష్టంగా నాకుతాయనీ, దాంతో మూత్రపిండాలు పోతాయనీ దేవకుమారికి తెలుసు. నళినిని ఏమీ అడగలేదు. డబ్బాను తన కారు డిక్కీలో దాచేసింది. నళిని వంటింట్లో ఉన్నంతసేపూ ఏదో వంకన అక్కడే తచ్చాడింది. సామ్సన్‌కి ఎలా ఉందని నళిని అడిగితే, ఆ అడగడంలోనూ ఏదో ఉందనిపించింది.

చివరికి నేల మీది చుక్కల్ని సిరంజితో తీసి, ల్యాబ్‌కి పట్టుకెళ్లి మైక్రోస్కోప్ కింద పెట్టింది. స్ఫటికాలు కిక్కిరిసి ఉన్నాయి. అనుకున్నంతా అయిందనుకుంది. తీరా లెన్స్ సరిచేసి చూస్తే, అవి ఆ విషంతో ఏర్పడే రకం కావు. శవపేటిక మూతల్లా ఉన్నాయి. రాళ్లు కట్టే రకం.

పశువుల డాక్టర్ ఎక్స్‌రే తీసి రాళ్లు చూపించాడు. ఏం పెడుతున్నావని అడిగాడు. కుక్కలకు పెట్టే పొడి మేత అంది. అందులో మాంసం తక్కువ, మొక్కజొన్న ఎక్కువ అన్నాడు. మాంసం మీద బతికే జంతువుకు అది పెడితే మూత్రంలో ఆమ్లం తగ్గి రాళ్లు కడతాయట. నీళ్లు తక్కువ తాగితే మరీ ప్రమాదమట. మగవాటికి దారి సన్నం కనుక రాయి ఇట్టే అడ్డుపడుతుందట. ఆ మేత కొన్నది దేవకుమారే.

ఆపరేషన్ చేసి రాళ్లు తీశారు. సామ్సన్ బతికింది.

ఇంటికొచ్చాక నళిని అడిగింది. "గరాజ్‌లో యాంటీఫ్రీజ్ ఏదక్కా? మొన్న కార్‌లో కొంచెం పోశాను. ఇంకా కావాలి."

"నా డిక్కీలో ఉంది. నువ్వే దానికి పెట్టావనుకున్నాను."

నళిని డిక్కీ తాళంచెవి తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు పొడిమాటలే. ఒక ఆదివారం చర్చికి డ్రైవ్ చేస్తూ, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది. "ఈసారి అనుమానమొస్తే ముందు నన్నడుగు అక్కా. అడిగితే చెబుతాను కదా."

అడుగుతానంది దేవకుమారి.

పెళ్లయ్యేదాకా నళిని ఆ ఇంట్లోనే ఉంది. దేవకుమారికి డ్యూటీలో ఆలస్యమైతే, సామ్సన్ గిన్నెలో నీళ్లు అయిపోయాయని ల్యాబ్‌కి ఫోన్ చేసి చెప్పేది. తాను మాత్రం పోసేది కాదు.