మా తమ్ముడి సంబంధం, నా చీనీ చాక్లెట్లు

ఇది చదివి మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. మా ఊరంతా నవ్వింది, చుట్టాలంతా నవ్వారు, మీరొక్కరు నవ్వకపోతే ఎవరికి లాభం? నాకు మాత్రం ఇన్నేళ్లయినా నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. కుదరబోయే సంబంధాన్ని చెడగొట్టాలంటే మామూలుగా జనం చాడీలు చెబుతారు, ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తారు. నేను చాక్లెట్లు చేశాను. అది కూడా పగవాళ్ల సంబంధం కాదు, నా సొంత తమ్ముడిది.

మా తమ్ముడు లోకేశు బెళుగుప్ప దగ్గర మా పల్లెలో చీనీతోట చూసుకుంటాడు. చీనీ అంటే కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అదే. డిగ్రీ చదివాడు. బీడీ తాగడు, పేకాట ఆడడు, గట్టిగా మాట్లాడడం కూడా రాదు. ఆ గొంతు మొత్తం నాకే వచ్చిందని అంటుంది మా అమ్మ. ఇంత మంచివాడికి పిల్లనిచ్చేవాడు లేడు. ఎందుకు? సేద్యం చేస్తాడు కాబట్టి! "సేద్యగానికి మా పిల్లనియ్యమప్పా" అని ప్రతివాడూ మొహం మీదే చెప్పడం, మా నాయన తల వంచుకుని బస్సెక్కి రావడం. నేను పెండ్లయి రాయదుర్గంలో ఉంటూ జీన్స్ ప్యాంట్లకు జేబులు కుడతాను. ఆ ప్యాంట్లు తొడుక్కుని పనీపాటా లేకుండా తిరిగేవాడికి కూడా పిల్ల దొరుకుతోంది, అందరికీ తిండి పండించేవాడికి దొరకడం లేదు. ఇదేం న్యాయమండీ? ఒక్కో సంబంధం తప్పిపోయినప్పుడల్లా నా కుట్టుమిషను సూది విరిగేది.

"ఓర్చుకున్నమ్మకు తేటనీరు అంటారే, కొంచెం ఓర్చుకో" అనేది అమ్మ.

"ఓర్చుకున్నా బోరులో బురద కూడా రాని ఊరు మనది. నీ సామెతలు నీళ్లుండే ఊర్లో చెప్పుకో పో" అనేదాన్ని నేను.

చివరికి ధర్మవరం సంబంధం ఒకటి వచ్చింది. పిల్లకు తండ్రి లేడు. మేనమామ, అవ్వ పెంచారు. మేనమామది పట్టుచీరల వ్యాపారం. మేం పోయి పిల్లను చూశాం. పిల్ల సరేనంది! మావాడు ఆమె ఫోటోను ఫోన్లో పెట్టుకుని, చీనీచెట్లకు చూపించుకుంటూ తిరిగాడు. "ఇది తప్పితే నాకింక పెండ్లే వద్దక్కా" అన్నాడు. ఇక మేనమామ, అవ్వ వచ్చి మా ఇల్లు, తోట చూసి సరేనంటే చాలు, తాంబూలాలు మార్చుకోవడమే.

అంతా బాగానే ఉంది. మధ్యవర్తి నోరు ఊరుకుంటే కదా! మేనమామ అన్న మాటను మోసుకొచ్చి నా చెవిలో పోశాడు. "ఏముండాదప్పా ఆ తోటలో? చీనీకాయలే కదా, ఆస్పత్రిలో పండుకున్నోళ్లకు తీసకపోయేటివి" అన్నాడట ఆ పెద్దమనిషి.

రోగుల కాయలా! మా నాయన ట్యాంకర్లతో నీళ్లు తోలించి, పసిపిల్లల్లా బతికించుకున్న చెట్లవి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, వాళ్లొచ్చే దినం నువ్వు ఏమీ చెయ్యొద్దు. నేనే వచ్చి చేస్తా."

"ఓళిగలు, ఉగ్గాని బజ్జి చేద్దామనుకుంటి కదే?"

"ఓళిగలు ఎవరింట్లో తినరు? మన చీనీకాయతో చాక్లెట్టు చేసి పెడతా. తిని నోరు మూసుకోవల్ల ఆయప్ప!"

నోరు మూసుకున్న మాట నిజమే. అది తర్వాత చెబుతాను.

ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒక అమ్మాయి గోళ్లకు రంగు చెదరకుండా ట్రఫుల్స్ అనేవి చేస్తోంది. చాక్లెట్టును మీగడతో కరిగించి, చల్లార్చి, చిన్న చిన్న ఉండలు చేసి, పైన పొడి అద్దడం. కమలాపండు వాసన వేస్తే ఇంకా బాగుంటుందట. ఇంతేనా! ఉండలు చుట్టడం మాకు కొత్తా? కమల ఉన్నచోట చీనీ ఎందుకుండకూడదు?

ఎండాకాలం. రాయదుర్గంలో చాక్లెట్టు బిళ్లలు కొని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మా ఊళ్లో దిగేసరికి అవి బిళ్లలు కావు, పానకం. నా చీర కుచ్చిళ్లలో కొంత, కండక్టరు ప్యాంటు మీద కొంత. "ఏందక్కా ఇది, గ్రీజా?" అన్నాడు కండక్టరు. వాడికి నేనేం చెప్పానో ఇక్కడ రాయకూడదు.

పొయ్యి మీద నీళ్లగిన్నె, దాని మీద చాక్లెట్టుగిన్నె. బస్సు మొదలుపెట్టిన పని పొయ్యి పూర్తి చేసింది, వీడియోలో చెప్పినట్టే కరిగింది. నిగనిగలాడింది. నాకు నా మీద గౌరవం పెరిగింది. ఆ గౌరవంలో, రెండు చెంచాల చీనీరసం పిండి అందులో పోశాను. చాక్లెట్టు ఒక్కసారిగా బిగుసుకుని, రోడ్డు వేసే తారులో ఇసుక కలిపినట్టు అయింది. కలిపితే గరిటె వంగింది.

లోకేశు గుమ్మంలోనుంచి తొంగిచూశాడు. "అక్కా, అది అట్లనే ఉండల్లనా?"

"నీకేం తెలుసురా? పోయి గడ్డం గీక్కో పో!"

వాణ్ని తోలేసి మళ్లీ వీడియో పెట్టాను. అప్పుడు చెబుతోంది ఆ మహాతల్లి, తీరిగ్గా, నవ్వుతూ: "రసం పోయకూడదండీ, తొక్క పొడి మాత్రమే వెయ్యాలి." ముందు చెప్పడానికేం? అది నా ఎదురుగా ఉండి ఉంటే ఆ తారు దాని నెత్తినే పోసేదాన్ని. మిగిలిన చాక్లెట్టును మీగడతో కరిగించి మళ్లీ మొదలుపెట్టాను.

అమ్మ పశువుల కొట్టంలో పేడ ఎత్తుతోంది. ఇక్కడినుంచే అరిచాను.

"మా, చీనీతొక్కల పొడి ఉండాదా?"

"ఉండాది! అటక మీద సిల్వరు డబ్బాలో సూడు! ఎందుకే ఇప్పుడు?"

"ఊరికేలే!"

ఆ 'ఊరికే' దగ్గరే నా కొంప మునిగింది. ఏం చేస్తున్నానో చెబితే అమ్మ కూడా ఓ సలహా పారేస్తుందని చెప్పలేదు. డబ్బా దించి మూత తీశాను. ఆహా, ఏం వాసన! చీనీతొక్క వాసన, దాని వెనక గులాబీ వాసన, ఇంకా ఏవేవో కమ్మని వాసనలు. పసుపు రంగులో మెత్తగా ఉంది. పసుపు రంగు చూసైనా అనుమానం రాలేదా అని మీరడుగుతారు, అందరూ అడిగారు. చీనీతొక్క పసుపు కాక నీలంగా ఉంటుందా?

గుప్పెడు లోపల కలిపాను. "గది వేడికి వచ్చేదాకా చల్లారనివ్వండి" అంది వీడియో అమ్మాయి. ఆమె గది వేరు, మా గది వేరు. ఎండాకాలం మా గదిలో గుడ్డు పెడితే కోడి లేకుండానే పిల్ల బయటికొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టాను, కరెంటు పోయింది. ఆ కరెంటు వాళ్లను వాళ్ల ఏడు తరాలతో కలిపి తిట్టాను. తిట్లు వినబడ్డాయేమో, వచ్చింది. గట్టిపడగానే చేతులు చన్నీళ్లలో ముంచుకుంటూ ఉండలు చుట్టి, ఒక్కొక్కదాన్నీ ఆ పొడిలోనే దొర్లించాను. పళ్లెంలో పేర్చితే బంగారు గుండ్లలా ఉన్నాయి.

లోకేశు వచ్చి ఒకటి తీయబోయాడు. చేతి మీద ఒక్కటిచ్చాను.

"వచ్చేవాళ్లకు పెట్టేది ఎంగిలి చేస్తావేరా?"

"ఉప్పో కారమో సూడొద్దా అక్కా?"

"చాక్లెట్టుకు ఉప్పు చూస్తాడంట! నేను ఒక్కపొద్దు ఉండాను, నేనే ముట్టలేదు. నీకేమిరా అంత ఆత్రం?"

వాడు ఆ ఒక్కటి తిని ఉంటే ఈ కథే లేదు. ఇది కూడా నా తప్పేనంటారు మా ఇంట్లో.

సాయంత్రం కారు దిగారు. మేనమామ తెల్లచొక్కా నలగకుండా కూర్చున్నాడు. అవ్వ సన్నగా, నిటారుగా, ఎక్కడ ఏముందో అన్నీ చూస్తూ కూర్చుంది. తోట చూసొచ్చారు. "బోర్లో నీళ్లుండాయా?" అని అడిగాడాయన. "ఉండాయి సామీ, ఇప్పటికైతే" అన్నాడు మా నాయన. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, అదొక దరిద్రం. మేనమామ పెదవి విరిచాడు.

నేను పళ్లెం తీసుకుని బయటికొచ్చాను.

"తీసుకోండి మామా. మా తోట చీనీతో చేసిన చాక్లెట్టు. ఆస్పత్రుల్లో దొరకదు" అన్నాను, ఆ చివరి మాట నొక్కి.

ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు. మింగాలో ఊయాలో తెలియక కళ్లు పెద్దవి చేసి గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. చెప్పాను కదా, నోరు మూసుకున్నాడు.

అవ్వ మాత్రం కొంచెం కొరికి, మిగతాది వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. పక్కనున్న నీళ్లగ్లాసులో వేలు ముంచి, ఆ పొడిని తన మోచేతి మీద రుద్దుకుంది.

"యా పాపా, దీని పైన ఏమేసినావు?"

"చీనీతొక్కల పొడి అవ్వా. మా అమ్మే పట్టించి పెట్టింది."

వెనకాల చెంబు కిందపడిన చప్పుడు. అమ్మ.

"మేయ్! అటక మీది డబ్బాలోదా?"

"నువ్వే చెప్తివి కదా!"

"అయ్యో నా తల్లీ, మొగానికి పూసుకునేదానికి అడుగుతాండావనుకుంటి, అది నలుగుపిండే! పెసలు, కచ్చూరాలు, కస్తూరిపసుపు, చీనీతొక్కలు అన్నీ ఏసి, లోకేశు పెండ్లికని పట్టించి పెట్టినా కదే! ప్రతి సంబంధానికీ ఇదన్నా కుదురుతుందని కొత్తగా పట్టిస్తాండా. తప్పిపోతే ఆ పిండి మీ నాయన ఒంటికి రుద్దుకుంటాండాడు!"

 మేనమామ లేచి, వాకిట్లోకి పోయి ఊసి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంటికి పిలిచి నలుగుపిండి తినిపిస్తారా? ఇదేనా మీ మర్యాద? పిల్లనిచ్చినాక ఇంకేమి పెడతారో! లెయ్యిమా, పోదాం."

బుద్ధున్నదైతే కాళ్ల మీద పడేది. నాకు బుద్ధి లేదు, కోపముంది.

"మర్యాద గురించి మీరు చెప్తారా మామా? మా కాయలు రోగిష్టోళ్లవని అంటిరే, అదేం మర్యాద? నా తమ్ముడు ఎండిపోయే చెట్లకు బిందెతో నీళ్లు మోసి బతికించినాడు. మీ పట్టుచీర కట్టకపోయినా మనిషి బతుకుతాడు, వాడు పండించేది తినకపోతే బతుకుతాడా? పిండి తప్పిపోయింది, నిజమే! నా తమ్ముడేం తప్పు చేసినాడు?"

"గమ్మునుండు మే!" అని అరిచాడు నాయన. లోకేశు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. వాడి మొహం చూశాక నా నోరు దానంతటదే ఆగిపోయింది. చేజేతులా వాడి బతుకు బుగ్గి చేశాననుకున్నాను. ఏడుపొచ్చింది. ఏడుపొచ్చిందని మళ్లీ కోపమొచ్చింది.

మేనమామ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అవ్వ మాత్రం కదల్లేదు.

"కూచోరా" అంది.

"ఏంమా, ఇంత జరిగినాక కూడానా?"

"కూచోమంటిని. మన పిల్లకు తండ్రి లేడు. రేపు అత్తగారింట్లో దానికి ఏమన్నా కష్టమొస్తే ఎవరు అడుగుతారని నాకు నిద్ర పట్టకుండా ఉండె. ఈ పాపను సూస్తివి కదా? తమ్ముని కోసరం నిన్నే కడిగేసింది. రేపు మన పిల్ల కోసరం ఆ తమ్మున్ని కూడా కడుగుతాది. ఏమ్మా, కడగవా?"

"కడుగుతా అవ్వా" అన్నాను ముక్కు చీదుకుంటూ. "వాడు తప్పు చేస్తే తోలు తీస్తా."

"ఇంకేమప్పా, ఇంతకన్నా నాకేం కావల్ల?" అంది అవ్వ. తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. "నలుగు పెట్టినాక పెండ్లి ఆపకూడదు వదినా. ఒంటికి పెట్టాల్సింది మీ పాప మా కడుపుకు పెట్టింది, అంతే. మంచి దినం సూడండి."

మేనమామ చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నాడు. నోరు వెగటుగా ఉందేమో, లోకేశు తెచ్చిన చీనీరసం గటగటా తాగాడు. ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు చాపాడు. నేను ఏదో అనబోతే అమ్మ నా నడుం మీద గిల్లింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

పెండ్లి జరిగింది. నలుగు నాడు ధర్మవరం ఆడవాళ్లు వరసగా వచ్చి, ఒక్కొక్కరూ గిన్నెలో వేలు పెట్టి నాకి చూసి, "ఆఁ, పిండే, చాక్లెట్టు కాదు" అని చెప్పి మరీ మా లోకేశుకు పూశారు. పందిరంతా పడిపడి నవ్వింది. నేను మాత్రం పళ్లు కొరుక్కుంటూ అక్షింతలు వేశాను.

అందుకే ముహూర్తం నాడు ఆ పందిట్లోనే, అగ్నిహోత్రుడి ఎదుట, అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో కోపంగా ఉన్నప్పుడు వంటింటి గడప తొక్కను. ఆ మాట ఈ రోజుకీ తప్పలేదు. అప్పటినుంచి మా ఇంట్లో వంట మా ఆయనే చేస్తున్నాడు.