వాపస్ సోమనర్సయ్య

సోమనర్సయ్య కొన్న వస్తువు ఏదైనా సరే, మర్నాటికి దుకాణానికి తిరిగిపోవలసిందే. చెప్పులు, టార్చిలైటు, ఒకసారైతే సగం తిన్న పుచ్చకాయ. తొర్రూరు బజారులో ఆయన ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన వాపస్ సోమనర్సయ్యే.

"తాతా, తెలంగాణ వచ్చినంక గది సుత వాపస్ ఇస్తవా?" అని దీక్షా శిబిరంలో ఆటపట్టించేవారు.

"ముందుగాల రానీయుండ్రి. వాడి చూసి చెప్త" అనేవాడాయన.

కోడలు రజితకు మాత్రం ఆ యేడు నవ్వు రాలేదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆమె భర్త సంజయ్ బస్సు డ్రైవరు. బస్సు డిపో దాటడం లేదు, జీతం ఇంటికి రావడం లేదు. బయట వదలని ముసురు. దండెం మీది గుడ్డలు ఆరవు, కరెంటు ఉండదు. నెలల పిల్ల తడిలో నానినాని దగ్గుతోంది. ఒకసారి నెమ్ము చేసి దవాఖానలో ఉంచి తెచ్చారు. "ఒళ్లు తడిగ ఉంచితే మళ్ల గీడికే వస్తరు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. పాప దగ్గినప్పుడల్లా రజితకు ప్రాణం పోయి వచ్చేది.

పాపకు కట్టే గుడ్డల మీద తొడగడానికి తడి దిగని కవరు కావాలి. ఖరీదైనది కొనే స్తోమత లేదు. "నేను తెస్త బిడ్డా" అని మామ బయలుదేరినప్పుడే ఆమె గుండె జారింది.

మొదట రబ్బరు షీటుతో కుట్టింది తెచ్చాడు. మర్నాడు వాపస్.

"ఎందుకు మామా?"

"ఉడుకుతది."

తర్వాత రెయిన్‌కోటు గుడ్డది. అదీ వాపస్.

"గిదేమైంది?"

"కుట్లల్లకెళ్లి కారుతది."

"పాపకు ఒక్కపూటన్న తొడగలే. నీకెట్ల తెలిసింది?"

ఆయన విననట్టే బయటికి నడిచాడు.

మూడోది అంచులకు ఎలాస్టిక్ ఉన్న గులాబీ రంగు ప్లాస్టిక్ జాంగ్యా, దాని మీద కుందేలు బొమ్మలు. తెల్లారి అదీ కనబడకపోయేసరికి రజిత ఏడ్చేసింది. "ఢిల్లీ వాళ్లు తెలంగాణ ఇచ్చినట్టే ఇచ్చి వాపస్ తీస్కున్నరు. నువ్వు గూడ గంతేనా మామా?" ఆయన తల వంచుకుని, కుంటుకుంటూ శిబిరానికి పోయాడు.

ఆ కోపంతోనే పాపను చంకనేసుకుని, శిబిరంలో ఉన్న సంజయ్‌కు అన్నం పట్టుకెళ్లింది రజిత. అక్కడ కుంటుతున్న సోమనర్సయ్యను చూసి జనమంతా పరేషాన్. "లాఠీ దెబ్బ తిన్నట్టున్నడు!" అన్నారెవరో. ఇంకేముంది, మెడలో పూలదండ పడింది. మైకు పట్టుకున్న జగపతి గొంతు పెంచాడు.

"ముసలాయన అని సుత చూడలే! తాతా, గా దెబ్బ జనానికి సూపెట్టు!"

"ఏం లేదు, ఇడిసిపెట్టు."

"సిగ్గెందుకు తాతా!" అంటూ జగపతే ధోవతి పైకి లాగాడు.

మోకాలి పైన, బక్కచిక్కిన తొడను బిగించి పట్టుకుని, గులాబీ రంగు కుందేళ్లు!

సోమనర్సయ్య మైకులోనే చెప్పాడు. "లాఠీ గాదు, లాస్టిక్. లోపట తడిగుడ్డ పెట్టి రాత్రి సంది ఏస్కున్న. నీళ్లు దిగలే గని, కోస్తది. నాకే గిట్లుంటే పసిబిడ్డ ఏం గావాలె?"

నవ్వులకు టెంటు ఊగిపోయింది. రజిత దగ్గరికెళ్లి చూసింది. రెండో కాలి మీద రబ్బరు వేడికి లేచిన పొక్కులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "అయ్యో మామా!" అంది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

శిబిరంలోనే కూర్చున్న కుట్టుమిషను సుగుణ లేచి వచ్చింది. "తియ్యి తాతా, గా లాస్టిక్ కోసేసి మెత్తటి గుడ్డపట్టీ ఏస్త. నాడాతోని ముడేసుకోవచ్చు" అంది. సాయంత్రానికల్లా కుట్టి ఇచ్చింది.

మర్నాడు రజిత లేస్తూనే పాప కింద చెయ్యి పెట్టి చూసింది. బొంత పొడిగా ఉంది. పాప వెచ్చగా, దగ్గు లేకుండా నిద్రపోతోంది. ఎన్నాళ్లకో ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పాప లేచాక తొడలకు కొబ్బరినూనె రాసి, సీసా మామ ముందు పెట్టింది.

"నువ్వు గూడ రాస్కో మామా."

"నాకేమైంది?" అంటూనే సోమనర్సయ్య సీసా తీసుకుని, లోపలికి పోయి తలుపు దగ్గరేసుకున్నాడు.